వడ్లగింజంత ఎడం

నెల కిందట పట్టుబట్టి నోరు మూయించిన నా ఫోను, మొన్న ఆదివారం చర్చిలో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉండగా మళ్లీ కూసింది. ఎవరో ఊరందరికీ పంపిన శుభోదయం బొమ్మ నాకూ వచ్చిందట, ఆ సంగతి చెప్పడానికి అంత గొంతు. ఇంటికి వచ్చేదాకా నా ఆలోచన పాస్టరు గారి ప్రసంగం మీద లేదు, ఈ పని ఎవరు చేశారన్న దాని మీదే ఉంది. నేను మొదటి నుంచీ అనుమానపు మనిషిని, దాచుకోవడం దేనికి. పక్కింటామె ఎవరితోనో మాట్లాడి ఇస్తానని శుక్రవారం నా ఫోను తీసుకుంది గనుక మనసు ముందు ఆమె మీదికి పోయింది. తర్వాత మా ఆయన మీదికి పోయింది, ఆయనకు చెవులు సరిగా వినిపించవు గనుక చేతికి దొరికిన ప్రతిదాని చప్పుడూ పెంచి పెడుతుంటాడు. చివరకు ఇప్పుడుంటున్న కరీంనగర్‌లోనే, టవర్ సర్కిల్ దగ్గరి ఫోన్ల దుకాణానికి పోయి కౌంటరు మీద పెట్టి అడిగితే, దుకాణదారు వేలితో రెండు గీకులు గీకి, తాపీగా, "ఎవలు మార్చలేదమ్మా. అప్‌డేట్ అయింది గద, డిఫాల్ట్‌కు పోయింది" అన్నాడు.

మన వయసు వాళ్లలో చాలామంది ఆ డిఫాల్ట్ అన్న మాటను ఈ ఫోన్లు వచ్చాకే విని ఉంటారు. నేను మాత్రం ముప్పై ఏళ్లకు పైగా కిందటే, మంచిర్యాలలో మా అన్న కార్ఖానాలో, ఒక కంప్యూటరు ముందు నిలబడి విన్నాను. ఆ మాట వల్ల నేను అన్న దగ్గర దొంగనయ్యాను, మళ్లీ దొరనూ అయ్యాను. దొరనైన రోజే నాకు ఎక్కువ నొప్పి కలిగింది. ఆ సంగతి చెప్పాలంటే కొంచెం వెనక నుంచి రావాలి, మీకు తీరిక ఉంటుందనే అనుకుంటాను.

మా బాపు కరీంనగర్‌లో దవాఖాన కాంపౌండరు. అన్నకూ నాకూ పదేళ్ల తేడా. ఆయన చదువు మీద పెట్టాల్సిన మనసు రేడియోల మీద పెట్టి, బస్టాండు దగ్గర చిన్న రిపేరు దుకాణం తెరిచాడు. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమానికి బళ్లు మూతబడి మా ఈడు వాళ్లందరి చదువూ ఒక ఏడాది వెనకపడింది గదా, ఆ ఏడాదంతా నేను అన్న దుకాణంలోనే కూర్చున్నాను. విప్పిన రేడియోలు, సోల్డరింగ్ పొగ, మధ్యాహ్నం ఆ పొగలోనే తినే మిర్చి బజ్జీలు. ఆ వాసన ఇప్పటికీ ఎక్కడన్నా తగిలితే నాకు ఆకలి వేస్తుంది. అక్కడ అన్న నాకు ముందుగా నేర్పింది అతుకులు వేయడం కాదు, నమ్మకపోవడం. కడ్డీ కాగిందని ఎవరైనా చెబితే నమ్మవద్దు, తడిగుడ్డకు ఆనించి చూడాలి. కరెంటు తీసేశామంటే అసలే నమ్మవద్దు, టెస్టరు పెట్టి చూడాలి. చెప్పింది స్వయంగా తానే అయినా సరే, చూసుకోవాలి. నా అనుమానంలో పుట్టుకతో వచ్చిందెంతో, అన్న పెట్టిందెంతో నేను తేల్చి చెప్పలేను.

తర్వాత నేను ఐటీఐలో డ్రాయింగు కోర్సు చదివాను. మగపిల్లల నడుమ టీ-స్కేలు పట్టుకుని తిరిగే ఆడపిల్లను చూసి మమ్మల్ని కన్న అవ్వ తల కొట్టుకునేది, బాపు మాత్రం పెన్సిళ్లు చెక్కి ఇచ్చేవాడు. పెళ్లయింది, మా ఆయన రైల్వే ఉద్యోగం మమ్మల్ని మంచిర్యాలకు తెచ్చింది. బొగ్గు గనుల వ్యాపారం పుంజుకున్న ఊరు గనుక మా వెనకే అన్న కూడా వచ్చాడు, వదినతో సహా. రేడియోలు వదిలేసి, రైతుల మోటర్లకు పెట్టే ఆటో డబ్బాలు తయారుచేయడం మొదలుపెట్టాడు. పల్లెకు కరెంటు ఏ వేళకు వస్తుందో తెలియని కాలం అది. వచ్చినప్పుడు మోటరు తనంతట తానే నడవాలి, మూడు తీగల్లో ఒక దాంట్లో కరెంటు లేకపోతే మోటరు కాలిపోకుండా ఆగిపోవాలి. ఆ పని చేసే డబ్బా అది. బావి దగ్గరి గుడిసెలో ఒక మేకుకు వేలాడుతూ ఉంటుంది, దాంట్లోకి తేమ వస్తుంది, దుమ్ము వస్తుంది, చీమలు గూడు పెడతాయి. రైతు దాన్ని నమ్మి ఇంట్లో పడుకుంటాడు.

ఆ డబ్బాలో ఉండే బోర్డు మీద రాగి గీతలు ఎటునుంచి ఎటు పోవాలో గీసే పని నాది. గీయడమంటే కలంతో కాదు. గళ్ల కాగితం మీద పారదర్శకమైన ఫిల్ము పరిచి, దాని మీద సన్నటి నల్ల టేపు ముక్కలు అంటించుకుంటూ పోవడమే. విడిభాగాల కాళ్లు వచ్చే చోట గుండ్రటి నల్ల బిళ్లలు అంటించాలి. అసలు కొలతకు రెండింతలు పెద్దగా చేస్తే, హైదరాబాద్‌లో ఫొటో తీసి సగానికి తగ్గించి బోర్డులు తయారుచేసి పంపేవాళ్లు. మోటరు కరెంటు వచ్చే గీతలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటే, తేమ పట్టినప్పుడు కరెంటు ఒక దాని మీద నుంచి ఇంకో దాని మీదికి దుముకుతుంది, బోర్డు బొగ్గవుతుంది. అందుకని అన్న ఒక కట్టుబాటు పెట్టాడు. ఫిల్ము మీద రెండు కరెంటు గీతల నడుమ ఒక వడ్లగింజ పొడుగు పట్టాలి. స్కేళ్లు అరిగిపోతాయి, అంకెలు కళ్లకు ఆనవు, వడ్లగింజ ఎక్కడైనా దొరుకుతుందన్నాడు. సన్నవడ్లా, దొడ్డువడ్లా అని నేను ఒకసారి వాదన పెట్టుకుంటే, ఏదన్నా పెట్టు గాని ఎడం తగ్గనియ్యకు అన్నాడు. నా బల్ల మీద అగ్గిపెట్టెలో వడ్లు ఉండేవి, ఎలుకలకు తెలిసిన రోజుల్లో తప్ప. అట్లా పదిహేనేళ్లు చేశాను. ఒక్క డబ్బా కూడా ఎడం తక్కువై కాలలేదని చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

తొంభై దాటిన కొత్తలో వదిన తమ్ముడు హైదరాబాద్‌లో ఉద్యోగం మానుకుని మా దగ్గరికి వచ్చాడు. వరుసకు నాకు మరిది. అక్కడ ఏదో కంపెనీలో చిన్న చిన్న బోర్డులు, టార్చిలైటు బ్యాటరీలంత కరెంటుతో నడిచేవి, కంప్యూటరు మీద గీసేవాడు. వస్తూ వస్తూ ఆ గీసే ప్రోగ్రామును ఫ్లాపీల్లో తెచ్చాడు. ఎట్లా తెచ్చాడో ఎవరూ అడగలేదు, నేను అడగబోతే అన్న కళ్లతోనే వారించాడు. ఒక సెకండ్‌హ్యాండ్ కంప్యూటరు కొన్నారు, కార్ఖానాలో ఒక మూలను ప్లైవుడ్‌తో గదిగా చేసి, తలుపుకు బయట గొళ్లెం బిగించారు. చెప్పులు విడిచి పోవాలి. వదిన ఆ టీవీ లాంటి పెట్టె మీద కుట్టుపని గుడ్డ కప్పి, దాని మీద నిర్మల్ బొమ్మల జత పెట్టింది. నా టేపు చుట్టలు, బిళ్లలు అట్టపెట్టెలో కట్టి అటక మీద పెట్టేశారు. నా పని పోలేదు, ఇక ముందు నేను మరిది పక్కన కూర్చుని చెబితే ఆయన గీస్తాడన్నారు. అది పని పోవడమేనని ఆ మాట అన్నవాళ్లందరికీ తెలుసు, నాకూ తెలుసు.

మొదటి రోజు అన్న, నేను ఆయన వెనక నిలబడి చూశాం. 'కొత్తది' అని ఒక మీట నొక్కగానే నల్లటి తెర మీద చుట్టూ చౌకట్టు గీత, కింద కుడి మూలన పేరూ తేదీ రాసుకునే గళ్లు వాటంతటవే వచ్చి కూర్చున్నాయి. గీత ఎంత లావుండాలి, రంధ్రం ఎంత ఉండాలి, గీతకూ గీతకూ ఎడం ఎంత ఉండాలి, ఇవేవీ అది మమ్మల్ని అడగలేదు. మనం చెప్పకుండానే దానికి ఎట్లా తెలుసని నేను అడిగాను.

"మనం ఏం చెప్పకుంటే డిఫాల్ట్ తీసుకుంటది వదినె" అన్నాడు మరిది.

"అంటే ఏంది?"

"ముందుగాల పెట్టి ఉన్నది."

"ఎవలు పెట్టిన్రు?"

"ఎవలో పెట్టిన్రు."

ఆ ఎవలో అన్న మనిషి మీద నాకు ఆ నిమిషమే అనుమానం పడింది. మా బావులు చూడలేదు, మా చీమలను చూడలేదు, ఏ ఏసీ గదిలోనో కూర్చుని మా డబ్బాకు ఎడం ఎంతుండాలో ముందే తేల్చి పెట్టిపోయాడు. అడిగే యంత్రాన్నయినా నమ్మవచ్చు గాని, అడగకుండానే జవాబు చేతిలో పట్టుకుని కూర్చున్నదాన్ని ఎట్లా నమ్ముతాం చెప్పండి.

బొమ్మ పూర్తయ్యాక మరిది ఒక మీట నొక్కి, ఇక అదే పరీక్ష చేసుకుంటుందన్నాడు. కొంతసేపు గురగురలాడి, తప్పులు సున్నా అని తెర మీద చూపింది. అన్న ముఖంలో వెలుగు చూశాను. నేను మాత్రం ఆ బొమ్మను ప్రింటరు మీద రెండింతల కొలతలో తీయించి, బల్ల మీద పరిచి, కరెంటు గీతల నడుమ వడ్లగింజ పెట్టాను. గింజ కింద రెండు గీతలూ మాయమైపోయాయి. నడుమ ఉన్న సందులో తలవెంట్రుక తప్ప ఇంకేదీ పట్టదు. మరిది నవ్వాడు, గిది కంప్యూటర్ వదినె, వడ్లు పోసి కొలుస్తరా అని. అన్న నవ్వలేదు, ఎడం పెంచమన్నాడు. మరిది ఎక్కడో ఒక గడి తెరిచి, ఉన్న అంకె చెరిపి, పెద్ద అంకె కొట్టి, మళ్లీ పరీక్ష పెట్టాడు. ఇంతకుముందు ఒక్క తప్పూ లేదన్న ఆ యంత్రమే, అదే బొమ్మ మీద, ఈసారి తెరనిండా ఎర్ర గుర్తులు పరిచింది. అప్పుడు గాని నాకు అర్థం కాలేదు. తప్పు లేదని అది చెప్పినప్పుడు బోర్డు మంచిదని చెప్పినట్టు కాదు, ముందుగా పెట్టిన కొలత దాటలేదని మాత్రమే చెప్పినట్టు. ఆ కొలతే మనది కాకపోతే దాని సర్టిఫికెట్ ఎందుకు పనికొస్తుంది.

సరే, దిద్దుకున్నాం, ఆ డబ్బాలు బాగానే నడిచాయి. ఒకసారి కొలత మార్చి పెట్టాం గనుక ఇక ముందు ఎప్పుడూ అట్లాగే ఉంటుందని అందరం అనుకున్నాం. అలమారలో చీర ఒక అర నుంచి ఇంకో అరకు మారిస్తే అక్కడే ఉంటుంది గదా, ఇదీ అంతేననుకున్నాం. అంత అనుమానపు మనిషిని నేనూ అట్లాగే అనుకున్నాను, అది ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆ ఎండాకాలం కరీంనగర్‌లో అవ్వకు బాగాలేకపోతే నేను కొన్నాళ్లు అక్కడికి పోయాను. పోయే ముందు రోజు మరిది లేని సమయంలో ఒక్కదాన్నే ఆ గదిలో కూర్చుని, మీటలు నేర్చుకుందామని చాలాసేపు తంటాలు పడ్డాను. అందరూ చూశారు, దాచి చేసింది కాదు. నేను లేనప్పుడు మరిది రెండో డబ్బాకు, కొంచెం చిన్నదానికి, కొత్త బొమ్మ గీశాడు. యంత్రం తప్పులు సున్నా అంది. ఎడం ఎప్పుడో పెంచి పెట్టాం గదా అని గింజ పెట్టి చూడలేదు. డబ్బాలు తయారై ఊళ్లలోకి పోయాయి.

తొలకరి పడిందో లేదో అవి తిరిగి రావడం మొదలైంది. నేను మంచిర్యాలకు వచ్చిన రోజున మంథని వైపు నుంచి ఒక రైతు బస్సులు మారి వచ్చి, గోనెసంచిలో నుంచి డబ్బా తీసి నా బల్ల మీద పెట్టాడు. కోపం కూడా లేదు ఆ మనిషికి. "మీ డబ్బ ఉన్నది గదా అని మోటరు దిక్కు పోలేదమ్మా. పోయి చూసే వరకు డబ్బ కాలి ఉన్నది, నారు ఎండి ఉన్నది" అన్నాడు. విప్పి చూస్తే రెండు కరెంటు గీతల నడుమ నల్లగా మాడిన దారి. సందు వెంట్రుక వాసి. మేము మార్చి పెట్టిన ఎడం ఎటు పోయిందో తెలియలేదు.

ఆ ప్రశ్న కార్ఖానాలో ఎవరూ గట్టిగా అడగలేదు గాని, అందరి ముఖాల మీదా అదే ఉంది. కంప్యూటరు ముట్టేవాళ్లం మరిది, నేను, ఇద్దరమే. మరిది బైబిలు మీద ఒట్టు పెట్టి, నేనైతే ఎడం ముట్టలే బావా అన్నాడు అన్నతో. నా అనుమానం ఆయన మీదే ఉంది. బోర్డు చిన్నదైతే గొప్ప గదా, అక్కడ హైదరాబాద్‌లో చేసినట్టే ఇక్కడా చేసి చూపాలని కొలత వెనక్కి తిప్పి ఉంటాడని నమ్మాను. వాళ్ల అనుమానం నా మీద. వదిన గిన్నెలు సర్దుతూ ఎవరినీ చూడకుండా, "చేతిపని పోయినంక కొందరికి నిద్ర పడ్తలేదు" అంది. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. నిజమే, ఆ యంత్రం నాకు నచ్చలేదని నేను అందరి ముందూ అన్నాను. నిజమే, పోయే ముందు రోజు ఒంటరిగా దాని ముందు కూర్చున్నాను. అన్న దగ్గర కాక కార్ఖానా తాళంచెవులు ఇంకో జత నా దగ్గరే ఉండేవి, పొద్దున తలుపులు తీసేది నేనే. మీరైనా నన్నే అనుమానించేవాళ్లు.

వాళ్లు అనుకుంటే అనుకోనీ అని ఊరుకునేదాన్ని. నాకు కావలసింది అన్న ఏమనుకుంటున్నాడన్నది ఒక్కటే. చిన్నప్పటి నుంచి ఆయన పక్క బల్ల మీద కూర్చుని పెరిగినదాన్ని, నేను చేసిన పనిని ఆయన ఒక్కసారి చూసి పక్కన పెట్టేవాడు, రెండోసారి చూసేవాడు కాదు. ఇప్పుడు ఆయన నన్ను నమ్మకపోతే ఆ కార్ఖానాలోనే కాదు, పుట్టింట్లో కూడా నాకు చోటు లేనట్టే అనిపించింది. అన్న మాత్రం ఏమీ అడగలేదు. నువ్వు చేశావా అనలేదు, చేయలేదని తెలుసు అని కూడా అనలేదు. కాలిన డబ్బాలన్నీ తిరిగి తీసుకుని కొత్తవి ఇస్తామని ఊళ్లకు కబురు పెట్టి, తలవంచుకుని పని చేసుకున్నాడు. ఆ మౌనానికి అర్థం వెతుక్కుంటూ ఇంట్లో అన్నం మాడబెట్టుకునేదాన్ని.

రెండో డబ్బా బొమ్మను అందరి ఎదుటా తెరిచి, మరిది ఎడం పెంచి గీతలు సర్దాడు. నేను కాగితం మీద గింజ పెట్టి చూశాను, సరిగ్గా పట్టింది. ఇక ఇది మారితే ఎవరు మార్చారో తెలుస్తుందని ఎవరికి వాళ్లం లోపల అనుకున్నాం.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున కార్ఖానా ఊడుస్తుంటే కంప్యూటరు గది తలుపు మీద నా కన్ను పడింది. గొళ్లెం నుంచి పక్కనున్న మేకుకు సన్నటి నల్లదారం ఒకటి కట్టి ఉంది. తలుపు తీస్తే తెగిపోతుంది, తెరిచిన సంగతి తెలిసిపోతుంది. నేను చీపురు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఇది వదిన పని అనుకున్నాను, కాకపోతే మరిది పని. ముట్టుకోలేదు. ఎవరు వచ్చి విప్పుతారో చూద్దామని కాచుకున్నాను. ఇంతలో బయట ఎవరో పిలిస్తే పోయి వచ్చేసరికి దారం లేదు, గది తెరిచి ఉంది, అందరూ ఎవరి పనిలో వాళ్లున్నారు. మరునాడు పొద్దున చూస్తే మళ్లీ దారం ఉంది. నన్ను పట్టుకోవడానికి ఉచ్చు పన్నారని అర్థమైంది. అన్నకు చెబుదామనుకున్నాను, చెబితే నీకెందుకు భయమంటాడేమోనని ఊరుకున్నాను. ఇంట్లో మా ఆయనకు చెబితే, దారమే గదా, తెంపి పారేయమన్నాడు. మగవాళ్లకు కొన్ని సంగతులు ఎంత తేలికో.

తర్వాత రైసుమిల్లుల కోసం మూడో డబ్బా, పెద్దది, మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆ పొద్దున నలుగురం గదిలో ఉన్నాం. వదిన టీ తెచ్చి, పోకుండా తలుపు దగ్గరే నిలబడింది. మరిది 'కొత్తది' నొక్కాడు, చౌకట్టు వచ్చింది, గళ్లు వచ్చాయి. ఏదో తోచి ఎడం గడి తెరిచి చూశాడు. అందులో మళ్లీ పాత అంకె. వెంట్రుక ఎడం.

మరిది కుర్చీ ఇటు తిప్పి నా వైపు చూశాడు. "మొన్ననే అందరి ముంగట దిద్దినం. నేను ముట్టలే. రాత్రికి రాత్రి గిది ఎట్ల మారింది వదినె?" అన్నాడు. వదిన, తాళంచేతులు ఎవల దగ్గర ఉన్నయో అందరికి ఎర్కే గద అంది. ఏం చెప్పినా అబద్ధంలాగే వినిపిస్తుందని తెలుసు. అన్న వైపు చూశాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, నా ముఖం చూడకుండా, గోడను చూస్తూ అన్నాడు.

"చెల్లె రాలే. రోజు పొద్దుమీకి నేనే గొళ్లెంకు దారం కట్టి పోతున్న. పొద్దుగాల నేనే విప్పుతున్న. ఒక్కనాడు గూడ తెగలే."

నాకు ముందు ఊపిరి వచ్చింది. ఆ తర్వాత ఆ మాట అర్థమైంది. ఆ దారం వదిన కట్టింది కాదు, మరిది కట్టింది కాదు. రోజూ సాయంత్రం నన్ను ముందు ఇంటికి పొమ్మని చెప్పి, వెనక నిలబడి, సోల్డరింగ్ తీగలు పట్టుకునే ఆ వేళ్లతో మా అన్నే కట్టాడు. నన్ను కాపాడింది ఆ దారమే. అది లేకపోతే ఆ రోజు నేను దొంగనే. ఏడుపు వచ్చింది గాని, దేనికి ఏడుస్తున్నానో ఎవరికీ తెలియదని, కన్నీళ్లు అందరూ సంతోషమనుకుంటారని ఆపుకున్నాను.

ఇక మనుషులు కాదని తేలింది గనుక అందరం యంత్రం మీద పడ్డాం. మరిది రెండో డబ్బా బొమ్మ తెరిచాడు. దాంట్లో ఎడం మేము దిద్దినట్టే ఉంది. మొదటిది తెరిచాడు, అదీ అట్లాగే ఉంది. మళ్లీ 'కొత్తది' నొక్కాడు, వెంట్రుక ఎడం వచ్చింది. అప్పుడు ఆయన చేతులు మీటల మీద ఆగిపోయాయి. మేము మార్చిన కొలత ఏ బొమ్మలో మారిస్తే ఆ బొమ్మకే అంటిపెట్టుకుని ఉంది. కొత్త బొమ్మ పుట్టేది వాటి నుంచి కాదు, ఎక్కడో లోపల ఉన్న ఇంకో ఫైలు నుంచి. 'కొత్తది' అన్నప్పుడల్లా యంత్రం దాన్ని చూసి నకలు తీస్తుంది. గోదావరి ఒడ్డున ఇటుకలు పోసేవాళ్లను చూశాం గదా, పోసిన ఇటుకను ఎంత చెక్కినా అచ్చు అచ్చుగానే ఉంటుంది, తర్వాతి ఇటుక ఆ అచ్చు లెక్కనే వస్తుంది. మేము ఇటుకలను చెక్కుతూ ఒకరినొకరం దొంగలుగా చూసుకున్నాం.

ఆ అచ్చు ఫైలు హైదరాబాద్ నుంచి ఫ్లాపీలో వచ్చిందే. అక్కడ చిన్న కరెంటు బోర్డుల కోసం ఎవరో తమకు తగినట్టు పెట్టుకున్న కొలతలన్నీ అందులో ఉన్నాయి. మరిది తల పట్టుకున్నాడు. ఆ ఫైలు ఉందని ఆయనకు ముందే తెలుసు. "చుట్టూత చౌకట్టు, పేరు గడ్లు, గవ్వే ఉంటయి అనుకున్న వదినె. కొలతలు గూడ దాంట్లనే ఉంటయని నాకెవలు చెప్పలే" అన్నాడు. ఆయన మీద నాకున్న కోపం అప్పుడే పోయింది. పోటీ బుద్ధి, కల్లాకపటం లేని మనిషి, తెలియలేదు అంతే. ఆ పూటే అచ్చును తెరిచి, కరెంటు గీతల ఎడం వడ్లగింజకు సరిపెట్టి, అదే పేరుతో దాచాం. 'కొత్తది' అని చాలాసార్లు నొక్కి చూశాను, నా ఎడమే వచ్చింది. అయినా నమ్మలేదు. తర్వాత ఒకసారి వైరస్ వచ్చి ప్రోగ్రాము మళ్లీ ఫ్లాపీల నుంచి ఎక్కించాల్సి వచ్చినప్పుడు, ఎవరూ అనకముందే గింజ పట్టుకుని పోయి చూస్తే, పాత అచ్చు పాత కొలతలతో తిరిగి వచ్చి కూర్చుంది. ఇట్లాంటివాటితో ఇల్లు ఖాళీ చేయించడం అంత తేలిక కాదు.

దారం సంగతి బయటపడ్డ రోజు సాయంత్రం అన్న మా ఇంటికి వచ్చాడు. మా ఆయనతో రైళ్ల ఆలస్యం గురించి, గనుల జీతాల గురించి మాట్లాడాడు. నేను టీ ఇస్తే తాగాడు. దారం మాట ఎత్తుతాడని గోడ అవతల కూర్చుని చెవులు రిక్కించుకున్నాను, ఎత్తలేదు. పోయేటప్పుడు గేటు దగ్గర ఆగి, "రేపు వస్తవు గద చెల్లె" అన్నాడు. వస్తానన్నాను. మరునాడు పోయేసరికి ఆ గది తలుపుకు గొళ్లెం లేదు, మరలు విప్పిన చోట సన్నటి రంధ్రాలు మాత్రం ఉన్నాయి. ఆయనకు చేతనైన క్షమాపణ అది. నేను కూడా ఆ మాట అడగలేదు. మా ఇద్దరి మధ్య పని మునుపటిలాగే సాగింది, నేను చేసిందాన్ని ఆయన మళ్లీ ఒక్కసారే చూసి పక్కన పెట్టేవాడు. కాని పొద్దున తలుపులు తీసిన ప్రతిసారీ, గొళ్లెం లేని ఆ చోట దారం ఏమన్నా ఉందేమోనని నా కన్ను అటు పోయేది. ఎన్నేళ్లయినా ఆ అలవాటు పోలేదు.

తొంభైలు ముగిసేసరికి బయటి నుంచి తయారైన డబ్బాలు చవగ్గా రావడం మొదలై, మా కార్ఖానా మూతబడింది. మరిది మళ్లీ హైదరాబాద్ పోయాడు. అన్న పోయి కూడా చాలా కాలమైంది. ఆఖరు రోజుల్లో దవాఖానలో ఆయన మంచం పక్కన ఎంతోసేపు కూర్చున్నాను, నర్సు ఎక్కించే మందు సీసా మీద పేరు చదివించి గాని ఎక్కించనిచ్చేవాడు కాదు. ఆ దారం సంగతి అప్పుడైనా అడుగుదామనుకున్నాను. నోరు రాలేదు.

ఇప్పుడు ఏ డబ్బా కాలినా ఎవరూ ఎవరినీ అనుమానించరు. పారేసి ఇంకోటి కొంటారు. లోపలి కొలత ఎవరు పెట్టారో, మన బావికి అది సరిపోతుందో లేదో అడిగే అవసరమే ఎవరికీ కనబడదు. అడిగినా జవాబు చెప్పే మనిషి దొరకడు. అంతా ముందే పెట్టి ఉంటుంది, మనం సరేనని నొక్కి ముందుకు పోతాం. ఒక రకంగా మంచిదే, చెల్లెలి మీద అన్న నిఘా పెట్టాల్సిన పని లేదు. అయినా ఏది చెడినా దాని వెనక మనిషి కోసం వెతికిన ఆ రోజులే నాకు కావాలనిపిస్తుంది, అంత బాధపెట్టినా సరే, ఆ గదిలో మా అన్న ఉన్నాడు గనుక. ఆయన ఆ దారం కట్టకుండా, ఒక్కసారి నన్ను పక్కకు పిలిచి నువ్వేనా చెల్లె అని అడిగి ఉంటే, 'నేను కాదు, అన్నా' అని చెప్పేదాన్ని. ఆయన నమ్మేవాడు. నమ్మేవాడనే అనుకుంటాను.